కంప్యూటరులో పాల లెక్క చెడినప్పుడు

ఉదయం పాలు పోసేవారు వరుసలో నిలిచిన వేళకు సంఘపు కంప్యూటరు "డి డ్రైవును వాడుకొనుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయమందురా?" అని అడిగినదనుకోండి. సెక్రటరీ గారు ఏమి చేయవలెను? "వద్దు" అన్న మీట నొక్కవలెను. ఆ తరువాత ఆ డ్రైవులో ఏదీ వ్రాయరాదు. ఆ పూట పాలు కాగితం మీద వ్రాసుకొని తూకం, పరీక్ష యథాప్రకారం సాగించవలెను. ఈ వ్యాసంలో ఇంతకన్న ముఖ్యమైన మాట లేదు. తక్కినది ఎందుకు, ఎలా అన్న వివరణ.

మేము సహకార డిప్లొమా చదివిన కాలంలో కంప్యూటరు పాఠం లేదు. చిట్టా, ఆవర్జా, రసీదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, ఇవే మా విద్య. అయితే కంప్యూటరు లోపల డిస్కు మీద లెక్కలు ఉండే పద్ధతి ఆ పాత విద్యకు ఎంత దగ్గరగా ఉన్నదో తెలిసిన తరువాత మాకు భయం తీరినది. సభ్యులకు కూడా ఆ దారినే చెప్పుతాము.

పాత ఆవర్జా పుస్తకం జ్ఞాపకం తెచ్చుకోండి. 47వ నంబరు సభ్యుని ఖాతా 30వ పుటలో మొదలవుతుంది. ఆ పుట నిండగానే అడుగున "తరువాయి 112" అని వ్రాస్తాము. 112వ పుట నిండితే "తరువాయి 205". పుస్తకం మొదట్లో సూచిక ఉంటుంది: ఫలానా సభ్యుడు, ఫలానా పుట. డిస్కు కూడా ఇట్టి పుస్తకమే. దానిని సమాన పరిమాణం గల పుటలుగా విభజిస్తారు. వాటిని క్లస్టర్లు అంటారు. ఏ ఫైలు ఏ పుటలో మొదలైనదో సూచిక చెప్పుతుంది. ఒక పుట తరువాత ఏ పుట చూడవలెనో మరొక పట్టిక చెప్పుతుంది. ఈ సూచిక, ఈ పట్టిక, పుస్తకం అట్ట మీద ఉండే వివరాలు అన్నీ కలిపి ఫైల్ సిస్టమ్ అనబడుతుంది.

'తరువాయి పుట' పట్టికకు ఫ్యాట్ అని పేరు. 1977లో మైక్రోసాఫ్ట్ సంస్థలో మార్క్ మెక్‌డొనాల్డ్ అనే ఆయన దీనిని వ్రాసినారు. దాని పెద్ద రూపమైన ఫ్యాట్32 1996లో వచ్చినది. నేటికీ పెన్ డ్రైవులలోను, పాల యంత్రాలలో పెట్టే చిన్న కార్డులలోను ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ పట్టిక ఎంత ముఖ్యమో ఎరిగినవారు కనుక దానికి రెండు ప్రతులు ప్రక్కప్రక్కనే ఉంచినారు. ఫ్యాట్32లో అట్ట మీది వివరాలకు సయితం మరొక ప్రతి ఆరవ సెక్టారులో దాచి ఉంటుంది. ఈ సంగతి తెలియకనే చాలామంది ఫార్మాట్ మీట నొక్కుతున్నారు.

ఇంతకూ చెడడం అంటే ఏమి? పాలు పోసిన లెక్కలు చెరిగిపోవడం అరుదు. సూచికకు, పుటలకు పొంతన తప్పడమే తరచుగా జరిగేది. ఒక పూట లెక్క వ్రాయడమంటే కంప్యూటరుకు మూడు పనులు: పుట నింపవలెను, తరువాయి పట్టికలో గుర్తు పెట్టవలెను, సూచికలో ఫైలు పరిమాణం మార్చవలెను. ఈ మూడింటి మధ్యలో కరెంటు పోతే ఒకటి జరిగి రెండు జరగకపోవచ్చును. అప్పుడు వ్రాసి ఉన్నా ఎవరి పేరునా లేని పుటలు మిగులుతాయి. లేదా రెండు ఖాతాలు ఒకే పుటను "ఇది నాది" అంటాయి. లేదా సూచికలో పేరుండి పుట మాత్రం ఉండదు. అడ్డతీగ తెగిన గట్టు మాదిరి, తెగినచోట కట్టకుండా నీరు పెడితే మరింత కోసుకొనిపోతుంది. పొంతన తప్పిన పుస్తకంలో కొత్త లెక్క వ్రాస్తే, ఖాళీ అనుకొని పాత సభ్యుని పుట మీదనే వ్రాస్తుంది. అందుకే మొదట వ్రాత ఆపమన్నాము.

ఫార్మాట్ సంగతి కూడా ఇక్కడనే చెప్పవలెను. త్వరిత ఫార్మాట్ చేస్తే పుటలన్నీ చెరగవు. పాత సూచికను తీసివేసి తెల్లని సూచిక పెడుతుంది. పుటలలో వ్రాత ఉన్నా వెదకే దారి పోతుంది. పూర్తి ఫార్మాట్ అయితే, విండోస్ విస్టా నాటి నుండి ప్రతి పుటను సున్నాలతో నింపుతుంది. ఆ తరువాత వెదకడానికి ఏమీ మిగలదు.

విండోస్ కంప్యూటర్లలో నేడు సాధారణంగా ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతి 1993లో వచ్చినది. అందులో ఒక మంచి ఏర్పాటు ఉన్నది. ఆవర్జాలో మార్పు చేయబోయే ముందు ఆ మార్పును ఒక చిట్టాలో వ్రాసుకొంటుంది. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి లేచినప్పుడు చిట్టా చూసి, పూర్తయినదానిని ఎక్కించి, సగంలో ఆగినదానిని రద్దు చేస్తుంది. మన గుమాస్తాలు తరతరాలుగా చేసిన పనే ఇది. కాని ఒక తేడా గుర్తుంచుకోవలెను. ఆ చిట్టాలో వ్రాసేది పుటల కేటాయింపు సంగతి మాత్రమే. పుటలో సభ్యుని లీటర్లు ఎన్ని అన్నది అందులో ఉండదు. కనుక ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉన్నచోట పుస్తకం కుట్టు ఊడదు గాని చివరి పూట లెక్క మాత్రం పోవచ్చును. లినక్స్ యంత్రాలలోని ఎక్స్‌ట్4 సామాన్యంగా ఇదే తరహా.

డోంగ్లి సంఘంలో జరిగినది

మేము తనిఖీకి వెళ్లిన ఒక సంఘం సంగతి చెప్పితే మరమ్మతు క్రమం తేటపడుతుంది. ఊరు డోంగ్లి ప్రాంతంలోనిది. బాన్సువాడ డివిజనులో, మద్నూరు మండలం నుండి విడదీసి 2022లో ఏర్పరచిన కొత్త మండలం అది. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర. పాల చీటీ మీద తెలుగు అక్షరాలుంటే కొందరు సభ్యులు మరాఠీలో చదివి చెప్పమని అడిగే చోటు. నెలలో 13వ తేదీ సాయంత్రం సేకరణ సగంలో కరెంటు మూడుసార్లు పోయి వచ్చినది. యూపీఎస్ ఉన్నది గాని దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చినది. పెట్టె మాత్రం ఆకుపచ్చ దీపంతో కూర్చున్నది. మరునాటి ఉదయం కంప్యూటరు లేచి, పైన చెప్పిన ప్రశ్న అడిగినది.

సెక్రటరీ గారు యంత్రం అమ్మినవారికి ఫోను చేసినారు. "ఫార్మాట్ కొట్టండి, సాఫ్ట్‌వేరు మళ్లీ వేద్దాం" అని అటునుంచి జవాబు. ఆయన వేలు మీట మీద ఉండగానే మేము వెళ్లడం తటస్థించినది. పదిహేను దినాల బిల్లు 15వ తేదీకి కట్టవలెను. అరవైకి పైగా సభ్యులు, 13 దినాలు, 26 పూటలు. లెక్క అంతా ఆ డ్రైవులోనే ఉన్నది. మరొక ప్రతి ఉండవలసిన పెన్ డ్రైవును ఆ నెలలో ఎవరూ పెట్టి తీయలేదు.

ఒక పెద్దమ్మ గుమ్మం దగ్గరనే నిలబడి, "సారూ, నేను పాలు క్యాన్ల పోసిన్నా, గీ డబ్బల పోసిన్నా? డబ్బ కరాబైతే నా పైసలెట్ల పోతయ్?" అని అడిగినది. "పోవమ్మా, చీటీలు దాచిపెట్టినవా?" అన్నాము. ఆమె చీటీలు పొయ్యి రాజేయడానికి వాడినదట. ఈమె సంగతి తరువాత వస్తుంది.

మొదట తేల్చవలసినది, రోగం యంత్రానిదా, వ్రాతదా అని. డిస్కు నుండి టిక్ టిక్ మని శబ్దం వస్తున్నా, కంప్యూటరు దానిని ఒకసారి గుర్తించి ఒకసారి గుర్తించకున్నా, ఒక చిన్న ఫైలుకు నిమిషాలు పట్టుతున్నా అది యంత్రపు జబ్బు. అప్పుడు కరెంటు తీసివేసి తెలిసినవారి వద్దకు తీసికొని పోవలెను. తిరుగుతున్న కొద్దీ అది చచ్చిపోతుంది. వదులైన తీగ, పాడైన పవర్ సప్లై కూడా ఇటువంటి లక్షణాలే చూపిస్తాయి కనుక వాటిని ముందుగా మార్చి చూడడం మంచిది. డోంగ్లిలో శబ్దం లేదు. సి డ్రైవు చక్కగా తెరుచుకొన్నది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఉంచుకొనే స్మార్ట్ నివేదికలో చెడిన సెక్టార్లు లేవు. కనుక వ్రాత రోగమే.

ఊరిలో కంప్యూటరు మరమ్మతు నేర్చిన కుర్రవాడొకడు సాయం వచ్చినాడు. మంచి తెలివిగలవాడు. కాని వచ్చీ రాగానే చెక్‌డిస్క్ నడుపుతానన్నాడు. మేము ఆపినాము. మరమ్మతు సాధనం మంచిదే గాని అది దిద్దుబాటు చేసే గుమాస్తా వంటిది. దిద్దినదానిని మరల వెనుకకు తీయలేము. ముందు పుస్తకానికి నకలు తీయవలెను. ఫైళ్ల నకలు కాదు, ఫైళ్లు కనిపించుటే లేదు కదా. డ్రైవు మొదటి సెక్టారు నుండి చివరి సెక్టారు దాకా ఉన్నదున్నట్లు వేరొక డిస్కులోకి ఎత్తవలెను. దానిని ఇమేజి అంటారు. దీనికి ఉచిత సాధనాలున్నవి. చెడిన సెక్టార్లు గల డిస్కుకైతే డీడీరెస్క్యూ అనే సాధనం మేలు. అది మంచి భాగాలు ముందుగా ఎత్తుకొని, మొరాయించే చోట్లను చివరకు వదిలి, ఎక్కడ ఆగినదో వ్రాసి పెట్టుకొంటుంది. నకలు ఉంచే డిస్కు చెడిన దానికన్న చిన్నదిగా ఉండరాదు. చెడిన డ్రైవులోనే నకలు పెట్టబూనిన వారిని కూడా మేము చూసినాము; అగ్గి అంటుకొన్న ఇంటిలోనే సామాను మరొక మూలకు జరిపినట్లు.

నకలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైనది. అప్పుడు చెక్‌డిస్క్ నడిపితే, డ్రైవు 'రా' స్థితిలో ఉన్నది, పని చేయను అన్నది. అంటే అట్ట చినిగినది. అది ఏ జాతి పుస్తకమో కూడా విండోస్‌కు తెలియుట లేదు. ఇక్కడ చాలామంది ఆశ వదులుకొంటారు. పైన చెప్పిన ఆరవ సెక్టారు ప్రతి ఇప్పుడు అక్కరకు వచ్చినది. క్రిస్టోఫ్ గ్రెనియర్ అనే ఆయన వ్రాసిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనం మొదటి సెక్టారును, దాని ప్రతిని ప్రక్కప్రక్కన పెట్టి చూపుతుంది. మొదటిది చెడినది, ప్రతి బాగున్నది అని తేలినది. ప్రతిని మొదటి స్థానంలోకి ఎక్కించినాము. కంప్యూటరును మరల లేపగా డి డ్రైవు తెరుచుకొన్నది, ఫోల్డర్లు కనిపించినవి. సెక్రటరీ గారు టీ తెప్పించినారు. మేము ఇంకా త్రాగలేదు. పేర్లు కనిపించినంత మాత్రాన లెక్క వచ్చినట్లు కాదు.

చెక్‌డిస్క్‌ను రెండు విధాల నడపవచ్చును. ఉత్తగా నడిపితే చూసి చెప్పుతుంది, దేనినీ ముట్టదు. వెనుక వాలుగీత, 'ఎఫ్' అక్షరం చేర్చితే దిద్దుతుంది. 'ఆర్' చేర్చితే ప్రతి సెక్టారును చదివి చూస్తుంది. దీనికి గంటలు పట్టుతుంది, జబ్బు డిస్కుకు భారం. తొలుత ఉత్తగానే నడిపి నివేదికను కాగితం మీద వ్రాసుకొన్నాము. ఎవరి పేరునా లేని పుటలున్నవి, రెండు ఫైళ్లు ఒకే పుటను పంచుకొన్నవి, ఒక ఫోల్డరు సూచిక తెగినది అని వచ్చినది. తరువాతనే 'ఎఫ్' చేర్చి దిద్దించినాము. లినక్స్ యంత్రమైతే ఈ పని ఎఫ్‌ఎస్‌సీకే అనే సాధనం చేస్తుంది. అయితే డ్రైవు వాడుకలో ఉండగా దానిని నడపరాదు. తెరిచి వ్రాస్తున్న ఆవర్జాను మరొకరు దిద్దబూనినట్లే అవుతుంది.

దిద్దిన తరువాత పేరులేని పుటలన్నీ 'ఫౌండ్' అనే దాగిన ఫోల్డరులో సున్నాల నంబర్లతో 'సీహెచ్‌కే' ఫైళ్లుగా చేరుతాయి. దాగిన ఫైళ్లను చూపమని చెప్పితేనే అవి కనబడతాయి. వీటిని చెత్త అనుకొని తీసివేసేవారు ఉన్నారు. మన అదృష్టం, ఆ యంత్రం పూటకు ఒక ఫైలు చొప్పున, సభ్యునికి ఒక వరుస చొప్పున సాదా అక్షరాలలో వ్రాస్తుంది: తేదీ, పూట, నంబరు, లీటర్లు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, ధర. నోట్‌ప్యాడులో తెరిస్తే చాలు, ఏ పూటదో తెలిసిపోయినది.

సాయంత్రానికి లెక్క ఇట్లున్నది. 26 పూటలలో 19 పేర్లతో సహా దొరికినవి. 9, 10 తేదీల నాలుగు పూటలు సీహెచ్‌కే ఫైళ్లలో దొరికినవి. 12 సాయంత్రం, 13 సాయంత్రం ఫైళ్లే ఒకే పుటకు తగాదా పడినవి. అందులో రెండింటికీ పనికివచ్చే వ్రాత మిగలలేదు. 13 ఉదయం ఫైలు పేరు ఉన్నది, పరిమాణం సున్నా.

దొరికినదంతా సరియైనదా? ఈ ప్రశ్న సాధనం వేయదు, మనమే వేసికోవలెను. ప్రతి పూటకు శీతలీకరణ కేంద్రం ఇచ్చిన రసీదులో సంఘం మొత్తం లీటర్లు, సగటు వెన్న ఉంటుంది. దొరికిన 23 పూటల మొత్తాలను దానితో సరిచూడగా 22 కుదిరినవి. 9 సాయంత్రం మాత్రం తక్కువ వచ్చినది. ఆ డ్రైవులో ఒక పుటకు 4,096 అక్షరాలు పట్టును. ఆ పూట ఫైలు రెండు పుటల పొడవు. మొదటి పుట దొరికినది, రెండవ దాని మీద మరొక వ్రాత పడినది. 58 మంది వరుసలు సరిగా ఉండి 59వ వరుస సగంలో తెగినది, ఆ తరువాతివారు లేరు. కేంద్రం రసీదు లేకుంటే ఆ చివరి సభ్యుల పాలు ఎవరి కంటా పడక ఎగిరిపోయేవి.

మిగిలిన మూడు పూటలకు, ఈ తెగిన వరుసలకు సభ్యుల చీటీలు తెప్పించినాము. దండోరా వేయించగా గంటలో మూటలుగా వచ్చినవి. కొన్ని చీటీలు తెల్లకాగితాలై పోయినవి. యంత్రం ఇచ్చే చీటీ వేడికి నల్లబడే కాగితం. ఎండ తగిలినా, ప్లాస్టిక్ సంచిలో ఎక్కువ కాలం ఉన్నా అక్షరం వెలిసిపోతుంది. పాసు పుస్తకంలో చేతితో ఎక్కించుకొన్నవారికి ఆ బాధ లేదు. 13 సాయంత్రం రెండవ సగం సెక్రటరీ గారు నోటు పుస్తకంలో వ్రాసి ఉంచినారు, ఆయనను మెచ్చుకోవలెను.

చివరకు 13 ఉదయం ఇద్దరు మిగిలినారు, పొయ్యి రాజేసిన పెద్దమ్మ, మరొక చిన్న రైతు. కేంద్రం రసీదు ప్రకారం ఆ పూట 212.5 లీటర్లు. తక్కినవారి చీటీల మొత్తం 203 లీటర్లు. ఊరిలో అమ్మకం లేదు. మిగిలిన 9.5 లీటర్లు ఈ ఇద్దరివి కావలెను. దొరికిన పూటలలో పెద్దమ్మ పాలు అయిదు, అయిదున్నర లీటర్ల మధ్య ఉన్నవి. రైతువి నాలుగు దగ్గర. ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగితే అయిదున్నర, నాలుగు అని వారే ఒప్పుకొన్నారు. వెన్న శాతానికి వెనుకటి పది పూటల సగటు తీసికొన్నాము. పాలకవర్గం తీర్మానం వ్రాసి, ఇద్దరి వేలిముద్రలు, సంతకాలు తీసికొన్నది. తీర్మానం లేకుండా సెక్రటరీ ఒక్కడే అంకె వేసి ఉంటే అది ఆడిటులో అభ్యంతరం అవుతుంది, ఊరిలో అనుమానం అవుతుంది. బిల్లు 16వ తేదీన ఇచ్చినారు, ఒక్క దినం ఆలస్యం. పెద్దమ్మ డబ్బు రెండుసార్లు లెక్కబెట్టుకొని, "డబ్బ మంచిదే, కరెంటే మంచిది గాదు" అన్నది.

ముందు జాగ్రత్త గురించి కొన్ని మాటలు

అన్ని చోట్లా పాత ఫ్యాట్32 డ్రైవు ఉండదు, అన్ని యంత్రాలూ సాదా అక్షరాలలో వ్రాయవు. లెక్కలన్నీ ఒకే డేటాబేస్ ఫైలులో ఉంచే సాఫ్ట్‌వేరు అయితే, ఫైల్ సిస్టమ్ బాగైన తరువాత కూడా ఆ ఫైలు లోపలి కట్టు చెడి ఉండవచ్చును. దానికి ఆ సాఫ్ట్‌వేరులోని మరమ్మతు వేరుగా చేయించవలెను. కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కులలో మరొక చిక్కు. తీసివేసిన ఫైలు పుటలను ఆ డిస్కు తనంత తానే శుభ్రం చేసికొంటుంది కనుక, పొరపాటున తీసివేసినదానిని తిరిగి వెదకడం చాలా కష్టం. నెట్ ద్వారా లెక్క ఎప్పటికప్పుడు పైకి పోయే సంఘాలకు కొంత నిశ్చింత. కాని నెట్ లేని దినాల లెక్క మాత్రం పెట్టెలోనే ఉంటుందని మరువరాదు.

యూపీఎస్ ఆకుపచ్చ దీపాన్ని నమ్మవద్దు. నెలకొకసారి, పాల సేకరణ లేని వేళ, ప్లగ్గు తీసి చూడండి. పది నిమిషాలైనా నిలవకపోతే బ్యాటరీ మార్చవలెను. పెన్ డ్రైవును వ్రాస్తుండగా లాగవద్దు. 'సురక్షితంగా తొలగించు' అన్న మీట నొక్కినప్పుడే మిగిలిన వ్రాత డ్రైవుకు చేరి పుస్తకం మూస్తుంది. పెన్ డ్రైవులు రెండు ఉంచుకొని దినం విడిచి దినం మార్చుకొనండి. ఒకటి సంఘంలో, ఒకటి అధ్యక్షుని ఇంటిలో. రెండూ కంప్యూటరుకే తగిలించి ఉంచిన సంఘం కూడా ఉన్నది. పిడుగుపాటు వస్తే రెండూ ఒకటే.

నకలు తీసిన తరువాత దానిని మరొక కంప్యూటరులో తెరిచి, ఏదో ఒక పూట మొత్తం కేంద్రం రసీదుతో పోల్చి చూడండి. పట్టుమని పది నిమిషాల పని. ఇకమీదట మేము తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం అడిగిన వెంటనే ఈ పెన్ డ్రైవు అడుగుతాము. అందులో నిన్న సాయంత్రం లెక్క తెరిచి చూపవలసి ఉంటుంది.